రాజేశ్వరమ్మకు జామీను

కర్మకాండ ముగిసి చుట్టాలు రైలెక్కిన మర్నాడే సొసైటీ సెక్రటరీ త్యాగరాజు రాజేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఎవరి గుమ్మంలో ఎవరు నిలబడ్డా ఎదురు వరసకి తెలుస్తుంది. ఎదురు వాటా నాగేంద్రమ్మకి తెలియడమే కాదు, చేటలో బియ్యం పోసుకుని వచ్చి మెట్టుమీద కూర్చుంది కూడా. ఆ బియ్యం పొద్దున్నే ఏరేసినవి.

త్యాగరాజు వెనక ఇద్దరు మగవాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఒకాయన చెన్నకేశవులు, రెండో ఆయన నాగేంద్రమ్మ మొగుడు వీరరాఘవులు. ఆఫీసు పరపతి సొసైటీలో అప్పు కావాలంటే తోటి ఉద్యోగులు ఇద్దరు జామీను సంతకం పెట్టాలి. ఢిల్లీకొచ్చిన తెలుగు గుమాస్తాలు ఒకరి కాగితంమీద ఒకరు సంతకాలు పెట్టుకుంటూ పెళ్ళిళ్ళు చేశారు, పురుళ్ళు పోశారు. రాజేశ్వరమ్మ మొగుడు సుందరరామయ్య మూత్రపిండాలు చెడి, మందులకు అప్పుమీద అప్పు చేసి, తీర్చకుండానే కన్నుమూశాడు. అది 1974 ఎండాకాలం.

"మీరేం కంగారు పడకండమ్మా," అన్నాడు త్యాగరాజు. "మనిషి పోయాక బాకీ జామీనుదారుల జీతంలోంచి వెళ్తుంది. రూలు అంతే. ఓ మాట మీ చెవిన వేద్దామని వచ్చాం."

రాజేశ్వరమ్మ గడప లోపలే నిలబడి అడిగింది. "అప్పు చేసింది ఎవరండీ?"

"మీవారేనమ్మా."

"ఆ మందులు ఎవరింటికొచ్చాయి?"

"మీ ఇంటికే."

"మరి వీళ్ళ జీతాలు కోయడమేంటి? వీళ్ళేమన్నా ఆ మందులు తాగారా?"

"మీకు జీతం లేదు కదమ్మా మరి."

"వస్తుంది. ఆయన బదులు బంట్రోతు పని ఇస్తామన్నారు. అందులో కోసుకోండి."

త్యాగరాజు నవ్వాపుకోలేకపోయాడు. "బంట్రోతు జీతంలో అంత కోస్తే మీరూ, పిల్లా ఏం తింటారు?"

"నేనేం తినాలో కూడా మీ సొసైటీ రూల్లో రాసుందా?"

చెన్నకేశవులు ఏదో అనబోయాడు. ఆవిడ వేలెత్తింది, ఆయన ఆగిపోయాడు. "అప్పుకి సంతకం పెట్టింది మావారు. ఆయన సంతకానికి నేనున్నాను. బాకీ నా పేర రాసేదాకా ఈ గుమ్మంలో మళ్ళీ చెప్పులు విప్పకండి."

వాదన గంటసేపు నడిచింది. త్యాగరాజు రూలన్నాడు, ఆడిటన్నాడు, చివరికి కండువాతో మొహం తుడుచుకుని, ఠీక్ హై అమ్మా, మీ ఇష్టం అన్నాడు. నాగేంద్రమ్మ చేట దులుపుకుని లేచింది. తనంతటి నోరున్న మనిషి ఆ వరసలో మరొకతె ఉందని ఆవిడ ఒప్పుకున్నది ఆ ఒక్క రోజే. మొగుడి జీతం మిగిలిందన్న సంతోషం కూడా ఉంది, లేదనడానికి వీల్లేదు. సాయంత్రం గిన్నెడు పప్పుచారు పంపింది. గిన్నె కడిగి, అడుగున గుప్పెడు పంచదార పోసి తిరిగి పంపింది రాజేశ్వరమ్మ. అంత ఇబ్బందిలోనూ ఆవిడ ఒట్టి గిన్నె పంపలేదు.

సుందరరామయ్య కుర్చీ వేసుకుని కూర్చున్న సెక్షన్‌లోనే ఆవిడ మంచినీళ్ళ ట్రే పట్టుకుంది. మొదట్లో అక్కడి పాతవాళ్ళు ఆవిణ్ణి పిలవడానికి మొహమాటపడి, దాహాన్ని అణుచుకుని కూర్చునేవాళ్ళట. మూడోనాడు ఆవిడే సెక్షనాఫీసరు బల్లముందు నిలబడి, "గంట కొట్టండి సార్. గంట కొడితే బంట్రోతు వస్తుంది. రాజేశ్వరమ్మగారూ అని పిలిస్తే ఎవరూ రారు," అంది. ఈ మాట వీరరాఘవులు ఇంటికొచ్చి చెబుతూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నాగేంద్రమ్మకి ఒళ్ళు మండింది. "తుడుచుకోవడం దేనికి? ఆవిడకి లేని ఏడుపు మీకెందుకు?" అంది.

కోతలు పోగా చేతికొచ్చే జీతం చూసి ఆ ఇల్లు చిక్కిపోయింది. పాల బూతు మిషన్‌లో అందరూ వేసే టోకెన్ బిళ్ళల్లో సగమే వేసేది. కాలనీ అంతా కూలర్లు పెట్టుకుంటే ఆవిడ కిటికీకి తడి గోనెపట్టా కట్టింది. అయినా కూతురు అన్నపూర్ణేశ్వరి క్లాసులో ఎవరినీ ముందుకు పోనివ్వలేదు. పూర్ణ తండ్రి మంచం పక్కన కూర్చుని మందు సీసాల మీద పేర్లు చదువుతూ అక్షరాలు నేర్చుకున్న పిల్ల. డాక్టరీ తప్ప మరో మాట దాని నోట రాలేదు.

ఆ డాక్టరీ దగ్గరే రాజేశ్వరమ్మ పొరపాటు చేసింది. ఆవిడొక్కతే కాదు, ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది చేశారు. ఇక్కడ సీట్లు తక్కువ, మన రాష్ట్రంలో బోలెడు కాలేజీలున్నాయి, ఇంటర్మీడియెట్ అక్కడ చదివిస్తే పిల్ల అక్కడిదైపోతుంది అనుకున్నారు. పది కాగానే పూర్ణని తెనాలిలో తమ్ముడు హనుమయ్య ఇంట్లో పెట్టింది. అక్కడి పిల్లలు దాని తెలుగుకి నవ్వి హిందీ పిల్లా అని పిలిచారు. పిల్ల అదంతా ఓర్చుకుని మంచి మార్కులు తెచ్చుకుంది. తీరా దరఖాస్తు పెట్టాక తెలిసింది, అక్కడి పిల్ల అనిపించుకోవాలంటే వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివుండాలని. బయటివాళ్ళకి మిగిలే కాసిని సీట్లలో దాని నంబరు అందలేదు. సరే, ఢిల్లీలోనే పెడదామంటే, చివరి రెండేళ్ళూ ఢిల్లీ బళ్ళో చదవలేదు గనక అసలు దరఖాస్తే తీసుకోం పొమ్మన్నారు. పుట్టి పెరిగిన ఊరూ దాన్ని కాదంది, అమ్మమ్మగారి ఊరూ కాదంది.

"నా చేతులతో నేనే రెండు తలుపులూ మూశాను అక్కయ్యా," అంది రాజేశ్వరమ్మ. నాగేంద్రమ్మ ఓదార్చలేదు. ఓదార్పు ఆవిడకి రాదు. "మూసినదానివి నువ్వే తియ్యాలి మరి," అంది.

తీయడానికి రెండు దారులు దొరికాయి. ఆఫీసులో ఎవరో చెప్తే పూర్ణ రష్యా సీటుకి రాసి, ఇంటర్వ్యూకి వెళ్ళి నెగ్గింది. చదువూ హాస్టలూ రష్యా సర్కారువే, విమానం ఖర్చూ వాళ్ళదే. భాషకో ఏడాది, చదువుకి ఆరేళ్ళు. మధ్యలో వచ్చిపోవాలంటే మాత్రం సొంత డబ్బు కావాలి, అంటే రాకపోకల్లేనట్టే. ఇంతలో హనుమయ్య కర్ణాటకలో ఓ ప్రైవేటు కాలేజీ సీటు మాట్లాడుకుని ఢిల్లీ దిగాడు. సీటు ఉంది, డొనేషన్ కట్టాలి.

"ఆడపిల్లని ఏడేళ్ళు మంచులోకి తోలేస్తావా? ఏం తింటుంది, ఎవరితో మాట్లాడుతుంది?" అన్నాడు. "సగం నేను పొలం తాకట్టు పెట్టి తెస్తా. సగం నువ్వు మీ సొసైటీలో తియ్యి."

మొగుడి బాకీ అప్పటికి ఇంకా తీరనే లేదు. మళ్ళీ అప్పంటే జామీను ఎవరిస్తారని నాగేంద్రమ్మ అనుకుంటూ ఉండగానే ఆవిడ మొగుడే ముందుకొచ్చాడు. "ఆ రోజు ఆవిడ నా జీతం కాపాడింది. ఈ సంతకం నా బాధ్యత," అన్నాడు. చెన్నకేశవులు కూడా సరేనన్నాడు. ఆదివారం పొద్దున రాజేశ్వరమ్మ ఇంట్లోనే కాగితాలమీద సంతకాలు చేసేట్టు మాట్లాడుకున్నారు.

పూర్ణకి కూడా ఆ దారే కావాలి. నాగేంద్రమ్మ దాన్ని కుళాయి దగ్గర నిలదీసింది. "రష్యాలో ఊరికే చెప్తామంటే అమ్మ నెత్తిన అప్పు పెడతావేమే?"

"ముఝే నహీ జానా, ఆంటీ," అంది ఆ పిల్ల. తర్వాత తెలుగులో, "నేనక్కడికి వెళ్ళను. కర్ణాటకైతే సెలవలకి రావచ్చు. అమ్మ ఈమధ్య సగం అన్నం వదిలేస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను," అంది.

ఆ మాట నాగేంద్రమ్మకి లోపల గుచ్చుకుంది. ఆవిడా చూస్తూనే ఉంది మరి. రాజేశ్వరమ్మ పెరట్లో బట్టల తాడు కిందికి దించి కట్టుకుంది. చీర ఎడమ చేత్తోనే ఆరేస్తోంది. శనివారం మధ్యాహ్నం, పూర్ణా హనుమయ్యా బజారుకి వెళ్ళిన వేళ, నాగేంద్రమ్మ తాళం చెవులు బొడ్లో దోపుకుని ఆ ఇంటికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"కుడి చెయ్యి ఎత్తు," అంది.

"ఎందుకక్కయ్యా?"

"ఎత్తమంటే ఎత్తు."

రాజేశ్వరమ్మ ఎత్తలేకపోయింది. తనే పమిట తొలగించింది. రొమ్ముమీద చర్మం ముడతపడి లోపలికి గుంజుకుపోయి ఉంది. చంకలో గడ్డ రేగిపండంత. నాగేంద్రమ్మకి చదువు రాదుగాని ఆ గడ్డ ఏమిటో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఆవిడ తల్లి అలాగే పోయింది.

"ఎవరికైనా చూపించావా?"

"డిస్పెన్సరీలో లేడీ డాక్టరు చూసింది. పెద్దాసుపత్రికి చీటీ రాసింది. కోసినా ఆలస్యమే అంది."

"ఆవిడ మొహం. సోమవారం నేను తీసుకెళ్తా, పద."

"వెళ్దాం. పిల్ల విమానమెక్కాక ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను." రాజేశ్వరమ్మ పమిట సర్దుకుని గోడకి జారబడింది. "రేపు మీ ఆయన సంతకం పెడతాడు. నేను రెండేళ్ళకి పోతాను. అప్పుడు త్యాగరాజు మీ గుమ్మంలోకి వస్తాడు. ఆయన పోయినప్పుడు బాకీకి నేను నిలబడ్డాను. నేను పోతే ఎవరు నిలబడతారు? చదువు సగంలో ఆపేసి పూర్ణ నిలబడుతుంది. అదే ట్రే పట్టుకుంటుంది."

"అయితే రేపు నువ్వే వద్దని చెప్పెయ్."

"చెప్తే ఎందుకని అడుగుతుంది. అది ఊరుకునే పిల్లా? చెయ్యెత్తమంటుంది, మీరన్నట్టే. చూసిందంటే రష్యా లేదు, కర్ణాటకా లేదు, నా మంచం పక్కన కూర్చుంటుంది. వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నట్టు."

బయట ఆగస్టు ఉక్క. ఎవరో కబాడీవాడు పాత పేపర్లని అరుచుకుంటూ పోయాడు. రాజేశ్వరమ్మ ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగలేదు. పంచదార అరువు కూడా అడగలేదు. ఇప్పుడేదో అడగబోతోందని నాగేంద్రమ్మకి తెలిసిపోయి, లేచి వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళలేదు.

"ఏం చెయ్యమంటావు?" అంది.

"రేపు వాళ్ళొచ్చి కూర్చున్నాక రండి. మీ ఆయన కలం తీసేముందే రండి. వచ్చి పోట్లాడండి."

"ఎవరితో?"

"నాతోనే. మీ నోరు ఈ వరసంతా ఎరుగును. మొగుణ్ణి సంతకం పెట్టనివ్వనని అరవండి. పూర్ణ వంటింట్లో కాఫీ కలుపుతుంటుంది, దానికి వినబడాలి."

"ఆ పిల్ల మళ్ళీ నా మొహం చూడదే."

"చూడకపోతేనే మంచిది. చూస్తే మీరు చెప్పేస్తారు."

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిసినిగొట్టు అని ఆవిణ్ణి ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. రేపటినుంచి అంటారు. మొగుడే అంటాడు.

"నేనూ ఎదురు మాటలంటాను, తగ్గకండి," అంది రాజేశ్వరమ్మ. "మీరు గెలవాలి. నన్నంటే పూర్ణకి ఏడుపొస్తుంది, ఏడిస్తే ఇక్కడే ఉండిపోతుంది. అందుకని ఆయన్ని అనండి. అప్పులుచేసి, తీర్చకుండా పోయి, జనాన్ని ముంచబోయిన మనిషని ఆయన్ని అనండి అక్కయ్యా. తండ్రినంటే దానికి రోషమొస్తుంది. ఆ రోషంమీద రష్యా వెళ్ళిపోతుంది."