అబ్బ తుపాకి మీది నెంబరు

వెనిగర్, ఇనప రజను, చెమట పట్టిన అరచెయ్యి, ఈ మూడూ కలిసిన వాసన నాల్రోజులుగా నన్ను వదలడం లేదు. ఈ అరబ్బుల దేశంలో, రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో ఇంటామెను మామా అంటాం, ఆమె మొగుణ్ణి బాబా అంటాం. ఆయనకు పాత వస్తువుల పిచ్చి. పోయిన నెల ఒక తుపాకి కొన్నాడు. పాతకాలపు తుపాకిని అచ్చు దించినట్టు ఈమధ్యనే ఏదో దేశంలో చేసింది, పేలదు. మగోళ్ళు కూర్చునే దివానియా గోడకు తగిలిస్తే, వచ్చిన ముసలాళ్ళు ఇంత కొత్తదేందని నవ్వినారంట. అందుకని కట్టెకు టీ డికాషన్ పూసి, గొట్టానికి వెనిగర్ పట్టించి ఇద్దరం దాన్ని ముసలిదాన్ని చేసినాం. ఇంక మిగిలింది గొట్టం మీద గుద్దిన కంపెనీ అక్షరాలు. బాబాకు చేతులు వణుకు. "యల్లా రమణమ్మా, ఆ రాతలు అరగదీసెయ్, పాతవాటికి అవి ఉండవు" అని ఆకురాయి నా చేతికిచ్చినాడు. దాన్ని కింద పెట్టేసినా.

మాది రాయచోటి దగ్గర పల్లె. మా అబ్బకు, అంటే మా నాయన వాళ్ళ నాయనకు, లైసెన్సు తుపాకి ఉండేది. శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే పొద్దుకు అడవిపందులు మందలు మందలుగా దిగేవి, అబ్బ మంచె మీద కూచొని మందు కూరి గాల్లోకి ఒక్కటి పేలిస్తే కొండదాకా పరుగెత్తేవి, పచ్చిమన్ను వాసనా మందు వాసనా కలిసి తెల్లారేదాకా చేనంతా పరుచుకొని ఉండేది. రోజూ ఆముదం గుడ్డతో తుడిచీ తుడిచీ ఆ గొట్టం తారు రంగుకు తిరిగింది.

ఒక దసరాకు ఇల్లంతా ఓళిగల వాసన, అవ్వ రోట్లో అలసంద వడలకు రుబ్బుతా ఉంది, పిల్లకాయలంతా వాకిట్లో అచ్చనగాయలు ఆడతా ఉన్నారు. పూజకు పెట్టిన కొడవళ్ళూ, గొడ్డళ్ళూ, మడక కర్రూ తళతళలాడతా ఉంటే తుపాకి ఒక్కటే నల్లగా, దిక్కులేనిదాని మాదిరి పడి ఉంది. నాకు సిగ్గేసింది. ఆట ఇడిసిపెట్టి చింతపండూ ఇటుకపొడీ తెచ్చుకొని మధ్యాన్నందాకా తోమినా. గొట్టం మీద చీమలబారు మాదిరి సన్నటి గీతలు కొన్ని ఎంతకీ పోలేదు. బడి మొగం చూడనిదాన్ని, అవి అంకెలని నాకేం తెలుసు? మురికనుకొని ఇటుకముక్కతోనే అరగదీసినా. అబ్బ చేన్నుంచి వచ్చి గొట్టం మీద బొటనవేలు ఆడించి, "భలే తోమినావే అమ్మీ!" అని మురిసిపోయినాడు. ఆయనకూ చదువు రాదు.

ఓట్లు వచ్చినాయి. ఓట్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టి, అయిపోయినాక చీటీ చూపించి తెచ్చుకోవాల. తెచ్చుకునే రోజు నేనూ అబ్బ పంచె పట్టుకొని పోయినా. కొత్తగా వచ్చిన ఆఫీసరు గొట్టాన్ని తిప్పి తిప్పి చూసి, "లైసెన్సులో ఉండే నెంబరు దీనిమీదేది? ఇది నీదేనని మేమెట్ల నమ్మేది?" అన్నాడు.

"పండక్కి నేనే తోమినా సార్" అన్నాడు అబ్బ. నా దిక్కు చూడను కూడా లేదు.

ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకొని వారం వారం తిరిగినాడు, అది మడతల కాడ చినిగి పేలికలయ్యేదాకా. తుపాకి రాలేదు. ఆ ఏడు డబ్బా కొట్టీ కొట్టీ, అరిచీ అరిచీ గొంతు పోయింది గానీ పందులు ఒక్క కాయ మిగల్చలేదు. మరుసటేడు శెనక్కాయ వేయలేదు, ఆ పైన ఆయనే లేకుండా పోయినాడు. ఒక్క తిట్టన్నా తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని. నావల్లే పోయింది అబ్బా అని ఒక్కసారన్నా నేనూ చెప్పలేదు, పాపిష్టిదాన్ని.

ఇప్పుడు ఆ చేలన్నీ మామిడి తోటలు. స్టేషను పడగొట్టి కొత్తది కట్టినారు, లోపలి తుపాకులు ఏమైనాయో అడిగేవాళ్ళు లేరు. ఆడ నెంబరు లేదని సొంత తుపాకిని కాదన్నారు, ఈడ రాతలు పోతేనే అది అసలుదవుతుందంట. ఈ గోడు నేనెవరితో చెప్పుకునేది? నాకొచ్చిన అరబ్బీ వంటకూ బట్టలకూ సరిపోతుంది. "నావల్ల కాదు బాబా" అన్నా. "ఎందుకు?" అన్నాడు. మళ్ళా ఆకురాయి తీసుకున్నా. ఒక్కో అక్షరం రజనై ఒళ్ళో రాలింది.

"ఖలాస్?" అంటా వచ్చి బాబా గొట్టం మీద మెల్లగా బొటనవేలు ఆడించి, "భలే చేసినావు రమణమ్మా!" అని మురిసిపోయినాడు. అబ్బ కూడా అచ్చం ఇట్లే మురిసిపోయినాడు.