పసుపు పూసిన సముద్రపు పిట్ట

తుపాను వాన తెరిపిచ్చిన పొద్దున, ఆళ్లగడ్డలో మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక పిట్ట పడి ఉంది. వీపు నలుపు, రొమ్ము తెలుపు, కత్తెరలా చీలిన తోక. నా కేక విని పైకొచ్చిన అమ్మ దాన్ని కొంగులో ఎత్తుకుంది. రెక్క కింద నెత్తురు కనబడగానే, చిన్నప్పుడు నా మోకాళ్లకు చేసినట్టే, పసుపు పట్టించింది. గాయానికే కాదు, రొమ్మంతా.

పక్షులను చూసేవాళ్ల గ్రూపు ఒకటి నా ఫోన్లో ఉంది. ఎవరికి ఏది కనబడినా ఫోటో, ఊరి పేరు పెడతారు. అవన్నీ ఒక పటం మీద చుక్కలవుతాయి. నంద్యాల కాలేజీకి బస్సులో పోతూ వస్తూ చదవడమే తప్ప నేను అందులో ఎప్పుడూ ఒక్క మాట రాయలేదు. సముద్రపు పిట్టలు తుపాను గాలికి కొట్టుకొచ్చి లోపలి ఊళ్లలో పడతాయని అక్కడే చదివాను. ఆ రోజు ఫోటో పెట్టి, ఇది బతకాలంటే ఏం పెట్టాలని అడిగాను.

జవాబులు వచ్చాయి, నా ప్రశ్నకు కాదు. "పసుపు రొమ్మా? అలాంటి పిట్టే లేదు." "రంగు మార్చిన ఫోటో." "ఆళ్లగడ్డలో సముద్రం ఎక్కడిది తల్లీ?" కింద నవ్వు బొమ్మలు. అట్టపెట్టెలో పిట్ట మెడ వాల్చేసింది. నేను జవాబు రాస్తాను, చెరిపేస్తాను, లేచి తిరుగుతాను.

"ఏందే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అంది అమ్మ.

"నువ్వు పసుపు పూసినావు కదా, ఆ ఫోటోను నమ్మడం లేదమ్మా."

"పూస్తే తప్పా? యాడోళ్లే వాళ్లు? తే ఫోను ఇట్లా."

ఫోను ఇవ్వలేదు. వీడియో తీశాను. అమ్మ పొడిగుడ్డతో తుడుస్తుంటే అడుగున తెలుపు కొంత బయటపడింది. ఆమె గొంతూ అందులో పడింది: "పసుపప్పా ఇది! మీ ఇండ్లల్లో లేదా? ముందు తిండేందో చెప్పండి, సచ్చేట్టుండాది." ఆ మాటలు తీసేయాలనుకుంటూనే పంపేశాను.

వెంటనే చెప్పారు: ఇది సూటీ టెర్న్ అనే సముద్రపు పిట్ట. చిన్న చేపలు పెట్టండి. తేరుకున్నాక పెద్ద నీళ్ల దగ్గర వదలండి.

మాది గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. అంగడిలో ఉన్న నాయనకు ఫోన్ చేశాను. చేపల సంచి ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని వచ్చాడు.

"ఎవరన్నా చూసినారా?" అంది అమ్మ.

"చూడకేం! ‘ఏం శెట్టీ, ఎప్పట్నుంచి?’ అంటాండారు."

పిట్ట మిద్దె మీదే తిన్నది. మరునాడు పెట్టె ఒళ్లో పెట్టుకుని నంద్యాల పోయి, అక్కడ ఆత్మకూరు బస్సు పట్టుకుని, వెలుగోడు జలాశయం గట్టు మీద వదిలాను. నీళ్లకు ఆనుకుని కొంత దూరం పోయి, లేచి, నల్లమల వైపు మాయమైంది. కొండల అవతల ఎంత దూరం పోతే సముద్రమో దానికి తెలుసా?

అప్పటి నుంచి పాఠం మధ్యలో కూడా పటం తెరుస్తున్నాను. నిన్న ఒంగోలు వైపు తీరం నుంచి ఎవరో ఫోటో పెట్టారు. అలల మీద పోతున్న గుంపులో ఒకదాని రొమ్ము కాస్త పసుపుపచ్చగా ఉంది. ఎండ కావచ్చు.

"నా పసుపే అది," అంది అమ్మ, కూర కలుపుతూ, ఒక్కసారి చూసి.

నేనింకా పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను. పెద్దది చేసేకొద్దీ పచ్చదనం చెదిరిపోతోంది.