బాస్కెట్‌బాల్ కోర్టులో వేసవి దావా

ఏప్రిల్ వచ్చి బడి మూతపడగానే మా రేవు ఊరు లినావన్‌లో పిల్లల మీద ప్రేమ పొంగుకొస్తుంది. కొడుకు ఏ తరగతిలో ఉన్నాడో ఏడాది పొడుగునా గుర్తులేని తల్లి కూడా నా అంగడి ముందు నిలబడి, “సెలవుల్లో వీడి చదువు ఏమైపోతుందో” అని దిగులు పడుతుంది. పిల్లలు ఇంట్లో ఉన్నారు, ఎవరైనా వచ్చి కాసేపు తోలుకుపోతే బాగుండునని దాని అర్థం. బడి గేటు ఎదురుగా సన్నటి కవర్లలో గడ్డకట్టించిన ఐస్ క్యాండీ అమ్ముకుంటూ ఇన్నేళ్లు గడిపినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

ఆ వేసవిలో జిల్లా విద్యాశాఖకు కూడా అదే దిగులు పట్టుకుంది. సెలవుల్లో పిల్లలు నేర్చుకున్నది మరిచిపోకూడదు, ఒళ్లు కదలకుండా కూర్చోకూడదు, ఇదంతా ఆనందంగా జరగాలి అని ఉత్తర్వు పంపింది. ఆనందం ఎక్కణ్ణుంచి తేవాలో అందులో లేదు. ఫొటోలు మాత్రం పంపమన్నారు.

మా హెడ్మాస్టరు దామాసో సర్ తల్లిదండ్రుల్ని సమావేశపరిచి ఉత్తర్వు చదివారు. చదివి, “ఈ మహత్తర బాధ్యతకు మన టీచరు ఎదీతా మామ్ స్వచ్ఛందంగా ముందుకొచ్చారు” అన్నారు. చప్పట్లు మోగాయి. చివరి వరుసలో విసనకర్రతో విసురుకుంటున్న ఎదీతా, ఊళ్లో తన పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

సమావేశం కాగానే నేరుగా నా అంగడికొచ్చి బల్ల మీద కూలబడింది.

“మానాంగ్, నేనెప్పుడు ముందుకొచ్చానో నువ్వేమైనా చూశావా?” అంది. మానాంగ్ అంటే అక్క; ఊరందరికీ నేను మానాంగ్‌నే.

“లేదు. వెనకే కూర్చున్నావుగా.”

“వెనక కూర్చున్నవాళ్లే ఈయన కంటికి ముందుకొచ్చినట్టు కనిపిస్తారనుకుంటా. ఇటు ఒక క్యాండీ ఇయ్యి. మామిడిది వద్దు, మామూలు పాలది.”

ఎదీతా ఎస్తోయా అప్పటికి పాతికేళ్లకు పైగా మూడో తరగతికే పాఠాలు చెబుతోంది. పెళ్లి చేసుకోలేదు. “రోజూ నలభై మందిని భరిస్తున్నా, ఇంకొకడెందుకు” అనేది. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. అది కేకేస్తే చేపల రేవులో పడవలవాళ్లు కూడా ఒక్క క్షణం నిటారుగా నిలబడేవాళ్లు. ఆ వేసవికి తన కార్యక్రమం తాను ముందే సిద్ధం చేసుకుంది: వెదురు మంచం, ఫ్యాను, కొరియా సీరియళ్లు. దామాసో సర్ దయవల్ల మంచం ఖాళీగా ఉండిపోయింది.

బడి పక్కనున్న రేకుల కప్పు బాస్కెట్‌బాల్ కోర్టులో కార్యక్రమం మొదలైంది. ముందుగా ఫ్లెక్సీ కట్టారు. అందులో దామాసో సర్ ముఖం నిండు చంద్రుడంత ఉంది. కింద మూలన ఎవరో పిల్లలు చీమలంత ఉన్నారు. పొద్దున ప్రార్థన, తర్వాత పట్నం నుంచి వచ్చిన కుర్రాడు మైకు పెట్టి ఆడించే జుంబా, ఆపైన గుండ్రంగా కూర్చుని కథల పుస్తకం చదవడం, చివర బిస్కెట్టు. తల్లులు పిల్లల్ని దింపి ఇంటికెళ్లి, పిల్లలు ఫోన్లకు ఎంత బానిసలైపోయారో ఒకరికొకరు ఫోన్లలో చెప్పుకునేవాళ్లు.

మొదటి వారం కోర్టు నిండింది. ఫొటోలు వెళ్లిపోయాయి. ఫొటోలు వెళ్లిపోయాయి కాబట్టి జుంబా కుర్రాడు రావడం మానేశాడు, బిస్కెట్లు రావడం మానేశాయి, వాటి వెనకే పిల్లలూ మానేశారు. సగం మంది సముద్రంలో, మిగతా సగం మామిడి చెట్ల మీద తేలారు. ఒళ్లు కదిలించడం విషయంలో విద్యాశాఖ కంగారు పడాల్సిందేమీ లేదని నాకనిపించింది గాని, నన్నెవరూ అడగలేదు.

మిగిలిన కొద్దిమందిని ముందేసుకుని ఎదీతా ఒకరోజు విసిగిపోయింది. పుస్తకం మూసేసి, “ఇళ్లకు పొండి. మీ తాతనో అమ్మమ్మనో అడగండి, మీ వయసులో సెలవులకు ఏం చేసేవాళ్లని. రేపొచ్చి చెప్పండి” అంది. అందులో పెద్ద బోధనా పద్ధతేమీ లేదు. ఆ రోజుకి వాళ్లని తొందరగా పంపేస్తే సీరియల్లో పెళ్లి చూడొచ్చని దాని ఆశ. ఆ సాయంత్రం తనే నాతో చెప్పింది.

మర్నాడు జోనలిన్ అనే పిల్ల జవాబుకు బదులు తాతనే పట్టుకొచ్చింది. లోలో పెర్ఫెక్తో, అంటే పెర్ఫెక్తో తాత, ఒకప్పుడు పడవల మేస్త్రీ. ఇప్పుడు ఊళ్లో ఎవరు ఏం చేసినా అది తప్పని చెప్పడం ఆయన వృత్తి.

“ఇది చెబితే అర్థమయ్యేది కాదు, మామ్. ఈ పిల్లకు చెప్తే సగం మింగి సగం కక్కుతుంది. నీళ్లు తెప్పించండి” అన్నాడు.

బకెట్‌తో నీళ్లు తెచ్చాక, డబ్బాతో పోస్తూ కోర్టు నేల మీద పొడుగ్గా ఒక గీత, దానికి అడ్డంగా ఇంకొన్ని గీతలు గీశాడు. ఆట పేరు పతింతెరో. గీతకొకడు కాపలా, గీత మీద నుంచే కదలాలి. రెండో జట్టు వాళ్ల చేతికి చిక్కకుండా అన్ని గీతలూ దాటి ఆ చివరికి వెళ్లి తిరిగి రావాలి. పిల్లలకు అది తెలియని ఆటేం కాదు. ఆ సంగతి చెప్పడానికి ఆయన సందివ్వలేదు.

గీతలు ఇంకా ఆరకముందే గేటు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. “ఆ నడిమి గీత అక్కడ కాదు.”

లోలా ఉర్బానా, అంటే ఉర్బానా అమ్మమ్మ. పెర్ఫెక్తో పక్కింటావిడ, ఆయన ఈడుది, చేతిలో చేపల బుట్ట.

“నీకేం తెలుసు?” అన్నాడాయన.

“నువ్వు గీత తొక్కి తొక్కలేదని బొంకిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆ సంగతి తెలుసు.”

“ఎప్పుడు?”

“పెద్ద తుఫానొచ్చిన ఏడు. చర్చి ముందర.”

“అరవై ఏళ్లు దాటింది కదే, దెయ్యమా.”

“తప్పుకు అరవై ఏళ్లయితే ఒప్పయిపోతుందా?”

ఆమె బుట్ట కింద పెట్టింది. ఆ పూట ఆ చేపలు మా పిల్లుల పాలయ్యాయి.

వారం తిరక్కుండా ఊళ్లో మోకాళ్లున్న ముసలివాళ్లందరూ కోర్టులో ఉన్నారు. మోకాళ్లు లేనివాళ్లు కుర్చీలు తెచ్చుకుని సలహాలిచ్చారు. ఒక్కొక్కళ్ల పేటలో ఒక్కో నియమం, ఎవరిది వాళ్లకు దైవవాక్కు. గీతకు గీతకు ఎడం ఎన్ని అడుగులన్నది తేలేది కాదు, ఎవరి అడుగులన్నది అసలే తేలేది కాదు. అరుగు మీద వరుసగా కూర్చోబెట్టిన పిల్లలకు మాత్రం ఒకే పని ఇచ్చారు: “చూసి నేర్చుకోండి.”

జోనలిన్ చెయ్యెత్తింది. “మామ్, ఈ సెలవులు మాకా వాళ్లకా?”

ఎదీతా తన ఈలను మెళ్లోంచి తీసి ఆ పిల్ల మెళ్లో వేసింది. “ఇవాళ్టి నుంచి న్యాయం మీరు చెప్పండి. తగాదా వచ్చిన ప్రతిసారీ ఆట ఆపండి, ఇద్దరి మాటా వినండి, తేల్చండి. మధ్యలో మాట్లాడితే ఎవరినైనా బయటికి పంపండి. నన్నయినా సరే.”

అప్పుడు చూడాలి. మామిడి చెట్ల మీది వాళ్లు దిగొచ్చారు, సముద్రంలోని వాళ్లు తడి బట్టలతో వచ్చారు. పెద్దవాళ్లను నోర్మూసుకోమని చెప్పే ఉద్యోగాన్ని ఏ పిల్ల వదులుకుంటుంది? అడుగుల తగాదా తేల్చడానికి తాడు తెచ్చి ముడులేసి కొలిచారు. తాతల పాదాలన్నీ కొలిచి, కూడి, భాగించి, అందరికీ సరిపడే ఒక అడుగును కనిపెట్టారు. భాగహారమంటే జ్వరం తెచ్చుకునే రోద్నీ అనే పిల్లాడు ఆ లెక్కను మూడుసార్లు చేశాడు, లోలో పెర్ఫెక్తో ఒప్పుకోలేదని. తీర్పులు నల్లబల్ల మీద సుద్దతో రాసేవాళ్లు. అక్షరం తప్పు రాస్తే ఓడిన జట్టు అప్పీలుకు వెళ్లేది, అందుకని జాగ్రత్తగా రాసేవాళ్లు.

ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఎదీతా ఆ గీతల పక్కన ఒక్కతే నిలబడి ఉంటే అడిగాను. “నువ్వు ఆడవా?”

“నాకు రాదు, మానాంగ్. చిన్నప్పుడు ఆయాసం. మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. వీధిలో అరుపులు వినపడేవి, నేను ఎక్కాలు చదివేదాన్ని. పన్నెండో ఎక్కం చాలా బాగా వచ్చు నాకు” అంది. నవ్వింది గాని, అంత బాగా నవ్వలేదు.

తర్వాతి సోమవారం లోలా ఉర్బానా పడిపోయింది. పెర్ఫెక్తోను ముట్టుకోబోయి, తడి గీత మీద జారి, చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. “తగిలింది, నా చెయ్యి వాడి చొక్కాకు తగిలింది, రాసుకోండి” అని అరుస్తూనే ట్రైసికిల్ ఆటో ఎక్కింది ఆసుపత్రికి.

ఆమె కూతురు నోర్మా సాయంత్రం కోర్టుకొచ్చింది. “డెబ్బై దాటినామెని పరుగెత్తిస్తారా? మీకు జీతమిచ్చేది పిల్లల్ని చూసుకోమనా, మా అమ్మని చంపమనా?” అని అందరి ముందూ కడిగేసింది. ఎదీతా బకెట్‌లో మిగిలిన నీళ్లు పారబోసి, డబ్బా అందులో పడేసింది.

దామాసో సర్ వెంటనే స్పందించారు. ఈ కార్యక్రమం మీద తనకు మొదట్నుంచీ అనుమానాలున్నాయని, ఎదీతా మామ్ సొంత ఉత్సాహంతో చేసిందని ప్రకటించారు. చీకటి పడకముందే ఫ్లెక్సీ దిగిపోయింది. ఆయన అంత చురుగ్గా నిచ్చెన ఎక్కడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ఒళ్లు కదిలించాలన్న ఉత్తర్వు అలా ఒక్కరి విషయంలోనైనా పూర్తిగా నెరవేరింది.

ఎదీతా తన వెదురు మంచం చేరింది. సీరియల్ పెట్టుకునేది గాని చూసేది కాదు. నేను కూర తీసుకెళ్తే తినేది కాదు. “ఆవిడ చెయ్యి అతక్కపోతే, మానాంగ్? ఆ చేత్తోనే కదా చేపలు శుభ్రం చేసుకునేది” అని అదే మాట. చివరికి, “వెళ్లి క్షమాపణ చెప్పొస్తాను. నువ్వు కూడా రా. నోర్మా కొడితే అడ్డముందువు గాని” అంది.

వెళ్లాం. నోర్మా పెరట్లో అడుగు పెట్టే చోటు లేదు. పిల్లలందరూ అక్కడే ఉన్నారు. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని లోలా ఉర్బానా అరుగు మీద మహారాణిలా కూర్చుంది. పక్కన జోనలిన్, మెళ్లో ఈల. ఎదురుగా లోలో పెర్ఫెక్తో, ముద్దాయి స్టూలు మీద. పెద్ద తుఫాను నాటి దావా నడుస్తోంది. ఫిర్యాదీ కోర్టుకు రాలేదు కాబట్టి కోర్టే ఫిర్యాదీ ఇంటికొచ్చిందట. ఎవరూ పిలవలేదు, ఎవరూ నడిపించలేదు.

నోర్మా మమ్మల్ని చూసి నిట్టూర్చింది. “వచ్చారా, మామ్? కూర్చోండి. మూడు రోజుల్నుంచీ ఇదే గోల. వీళ్లందరికీ అరటిపళ్లు వేయించలేక చస్తున్నా.” గొంతు తగ్గించి, “రాత్రి నొప్పికి ఏడుస్తోంది, వీళ్లొస్తే గానీ అన్నం తినట్లేదు. అందుకని ఊరుకున్నా” అంది.

ఎదీతా లోలా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, “తప్పయిపోయింది, లోలా” అంది.

“తప్పు నీది కాదు, వాడిది. అదే తేలుస్తున్నారు. అడ్డు తప్పుకో, సాక్షి కనపడట్లేదు.”

సాక్షి లోలో నెమెసియో, చర్చి గంట కొట్టే ఆయన. పిల్లలు మొత్తం పేటంతా తిరిగి, ఆనాటి వాళ్లలో బతికున్న మూడో మనిషిని పట్టుకొచ్చారు. జోనలిన్ ఈల వేసి అడిగింది. “లోలో, తుఫానొచ్చిన ఏడు, చర్చి ముందర, మా తాత గీత తొక్కాడా?”

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపాడు. “గీతేంటి? ఆ రోజు ఆడింది దాగుడుమూతలు.”

ఉర్బానా, పెర్ఫెక్తో ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇద్దరూ ఒకే మాట అన్నారు. “వీడికి మతి పోయింది.”

పిల్లలు పక్కకెళ్లి గుసగుసలాడి తీర్పుతో వచ్చారు: రుజువు లేదు, ఆట మళ్లీ ఆడాలి. ఉర్బానా మంచి చేత్తో నడిమి గీత కాయొచ్చు, కదలకూడదు. పరుగెత్తే వంతు వస్తే ఆమె బదులు ఎదీతా మామ్.

“నాకు రాదర్రా” అంది ఎదీతా.

“వచ్చినవాళ్లకు నేర్పడమెందుకు, మామ్?” అన్నాడు రోద్నీ. ఆ మాట తరగతిలో ఎదీతాదే.

పిల్లలు గోడవారకు జరిగి, పెరట్లోనే నీళ్లతో గీతలు గీశారు. ఎదీతా చెప్పులు విప్పింది. మొదటి గీత దగ్గరే చిక్కిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎలాగో రెండు గీతలు దాటి, రొప్పుతూ, ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడి పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు పక్కింటి కోళ్లు లేచిపోయాయి. నోర్మా మంచినీళ్లు పట్టుకుని గీత పక్కనే నిలబడింది, “నెమ్మది, మామ్, నా పెరట్లో ఇంకొకళ్లు పడటానికి వీల్లేదు” అంటూ.

ఆ రోజు ఎవరు గెలిచారో అడగకండి. అప్పీలు ఇంకా నడుస్తోంది.

ఈ గొడవంతా ఎవరో ఫోనులో వీడియో తీసి పెడితే, అది తిరిగి తిరిగి విద్యాశాఖ దాకా పోయింది. వాళ్లు మెచ్చుకున్నారు. దామాసో సర్‌కు ఆదర్శ వేసవి కార్యక్రమం రూపకర్తగా ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్లెక్సీ మళ్లీ ఎక్కింది, ఈసారి ముఖం ఇంకాస్త పెద్దది. అనుమానాల సంగతి ఆయనకిక గుర్తు లేదు, మేమూ గుర్తు చెయ్యలేదు.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి వారంలోనే ఎదీతా మధ్యాహ్నం బెల్లుకి నా బల్ల మీద వచ్చి కూలబడింది.

“ఏమైంది?”

“ఏడెనిమిదులు యాభై ఆరని చెప్పాను. మీరొక్కరే చెబితే ఎలా, సాక్షి ఎవరు అని పిల్లలు అడుగుతున్నారు.”

“మరేం చేశావు?”

“గింజలు తెప్పించి లెక్క పెట్టించాను. పీరియడంతా దానికే సరిపోయింది. చివర్లో ఒకడు గింజ మింగేశాడు, యాభై అయిదే తేలాయి, ఇంకా తగువులాడుకుంటున్నారు” అని, క్యాండీ కవరు మూల పంటితో కొరికింది.