యాదగిరన్న గుంజుకున్న నా ఆటో తాళం

నిన్న పొద్దుగాల ఫోనొచ్చింది. "యాదగిరన్న పోయిండు."

"పోరా, ఎవనికి చెప్తున్నవ్?" అని పెట్టేసిన.

మేడ్చల్ల దొంగ ఫోన్లు చేసి మందిని పరేషాన్ చేసుడు నా పని. ఎవడో నా ఆట నా మీదనే ఆడుతున్నడనుకున్న.

వాళ్లింటికి పోయిన. గేటు కాడ గన్ని చెప్పులు చూసినంక నిజమని తెలిసింది.

తెల్వనోళ్లకు చెప్తున్న. అన్నది బస్టాండ్ కాడ కండ్లద్దాల దుకాణం. టెస్ట్ చేసి నంబర్ రాసిచ్చెటోడు.

ఇది తొంభైల ముచ్చట. నాది స్కూల్ ఆటో, షామీర్‌పేట దిక్కు పిల్లలు. ఖాళీ దొరికితే అన్న దుకాణంల కూసొని అందర్ని సతాయించుడు.

ఓనాడు గోడ మీది అక్షరాల చార్టు తలకిందులు తగిలిచ్చిన. పెద్దక్షరం కిందికి పోయింది, చీమలంత సన్నయి మీదికొచ్చినయ్.

అన్న అటు చూడనే లేదు. కుర్చీల కూసున్న ముసలాయనను "మీదిది చెప్పు తాతా" అన్నడు.

"ఏం కనబడ్తలేదు బిడ్డా."

అద్దం మార్చిండు. కనబడ్తలేదు. ఇంకోటి మార్చిండు. తాత ఏడ్సుడు షురూ చేసిండు.

నేను కడుపు పట్టుకొని నవ్వుతున్న.

అన్న ఎనుకకు తిరిగి చూసిండు. చార్టు సక్కగ పెట్టి, తాత పని చేసి పంపి, "ఇగ నువ్వు కూసో దొంగోడా" అన్నడు.

మీది అక్షరం చెప్పిన. రెండో వరుస కాడ ఆగిన.

"అన్నా, నిజంగనే కనబడ్తలేదే."

దుకాణంల ఉన్నోళ్లంత నవ్విన్రు. నేను గూడ నవ్విన. వీపంత చెమట.

అన్న కంట్ల లైటు కొట్టి, ఒక్కొక్క అద్దం అడ్డం పెట్టుకుంట చూసిండు. నన్ను ఒక్క మాట అడగలె. ఆ లైటు ముంగట నాటకాలు నడవయ్.

అన్న మొకంల నవ్వు పోయింది.

"ఆటోల ఎందరు పిల్లలురా?"

"పన్నెండు."

"తాళమియ్యి."

"పొట్ట కొడ్తవానే?"

"పన్నెండు పాణాలురా లత్కోర్!"

గుంజుకున్నడు. పిల్లలను వేరే ఆటోల పంపిండు. నా అద్దాలు తయారై వచ్చిందాక రెండ్రోజులు తాళం ఆయన జేబులనే.

అద్దాలు పెట్టుకొని ఆటో తీసిన. షామీర్‌పేట తొవ్వల మలుపు కాడ ఓ తెల్ల రాయి ఉంటది. రోజు దాన్ని రాసుకుంట పోతుంటి.

రాయి కాదు.

అవ్వ. తెల్లచీర కట్టుకొని, జాంపండ్ల గంప ముంగట పెట్టుకొని కూసుంది.

బ్రేకేసిన.

"ఏం బిడ్డా, రోజు నా మీదికే వస్తవ్. ఇయ్యాల ఆగినవేంది?"



"పిల్లల అమ్మానాయినలకు నేను చెప్ప. నువ్వే చెప్పుకో" అన్నడు అన్న, తాళం తిరిగిచ్చేటప్పుడు. ఊరందరి మీద జోకులేసే నోరు, గదొక్కటి చెప్పలేకపోయింది. భయం.

నిన్న అన్న కాళ్లు మొక్కిన. మొకం దిక్కు చూడలేకపోయిన.

ఆ పన్నెండు మందిల కొందరు ఈ పోస్ట్ చదువుతరు. బిడ్డలారా, ఎన్ని నెలలు రోడ్డు సక్కగ కనబడకుంట మిమ్ముల తిప్పిననో నాకే తెల్వది. తిట్టుండ్రి. పడ్త.

చెప్పిన అన్నా.

పోయిరా. ఏ ఫికర్ లేకుంట నీ పాణం నిమ్మళంగ ఉండాలె.