ఒకే మోడల్, రెండు బ్యాటరీలు

మా ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ ఒకే రోజు, ఒకే షాపులో కొన్నాం. మోడల్ ఒకటే, రంగు ఒకటే. ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలకు సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పడం మా పని. ఏ కంపెనీలోనూ ఉద్యోగులం కాము. ఎవరు పిలిస్తే అక్కడికి సొంత ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని వెళ్తాం. నా స్నేహితురాలిది పటాన్‌చెరు దగ్గరి ఊరు. నాది కాకినాడ, పెళ్లయ్యాక చందానగర్ వచ్చాను. నాకంటే చిన్నది కాబట్టి నన్ను అక్కా అంటుంది.

కొన్న కొద్ది నెలలకే తేడా తెలిసింది. ఆమె పొద్దున ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని వస్తే సాయంత్రం దాకా బెంగ లేదు. నాది మధ్యాహ్నం భోజనాల వేళకే నీరసపడేది. పైగా నిజం చెప్పేది కాదు. తెర మూలన అరవై శాతం అని చూపిస్తూ చూపిస్తూ ఉన్నట్టుండి ఇరవైకి దిగేది. ఒక్కోసారి ఆ ఇరవై కూడా చూపించకుండా టప్పున ఆరిపోయేది.

ఆమె మెట్రోలో కూర్చుని పాఠం తయారుచేసుకునేది. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల ఆమెది. నేను మాత్రం ఏ హాల్లో అడుగుపెట్టినా ముందు గోడల వంక చూసేదాన్ని, ప్లగ్గు ఎక్కడుందా అని. పెళ్లిలో పక్కావిడ మెడలో గొలుసు చూసినట్టు ఆమె తెర మూలన ఉన్న అంకెను దొంగచాటుగా చూసేదాన్ని. ఎప్పుడు చూసినా నాకంటే ఎక్కువే. ఒళ్లు మండిపోయేది. ఆ కోపం నిజానికి ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ మీద రావాలి. కానీ కంపెనీ కళ్లెదుట ఉండదు కదా, ఆమె ఉండేది.

కంపెనీకి ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు పలికేది. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. రీస్టార్ట్ చేశారా మేడం అని అడిగేవారు. ఒకాయన ఏదో అప్‌డేట్ వేయించాడు. అది వేశాక చార్జింగ్ ఎనభై శాతం దగ్గరే ఆగిపోవడం మొదలైంది.

"నిండా ఎక్కడం లేదండీ," అన్నాను మళ్లీ ఫోన్ చేసి.

"బ్యాటరీ ఎక్కువ కాలం రావడానికే మేడం. మీ మంచికే."

ఆ సాయంత్రం నా ఫిర్యాదు పరిష్కారమైందనీ, వాళ్ల సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తాననీ మెసేజ్ వచ్చింది.

తర్వాత గచ్చిబౌలిలో ఒక కంపెనీ మా ఇద్దరినీ పిలిచింది, పక్కపక్క గదుల్లో పాఠాలకు. నా గదిలో బల్ల దగ్గరి ప్లగ్గులో కరెంటు లేదు. డెబ్బై అయిదు శాతం చూపిస్తోంది కదా అని ధైర్యం చేసి మొదలుపెట్టాను. పాఠం మంచి పట్టు మీద ఉండగా తెర నల్లబడింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. సరిగ్గా అప్పుడే ట్రైనింగ్ చూసే మేనేజరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

సంగతి తెలిసి పక్క గదిలోంచి నా స్నేహితురాలు వచ్చింది. "నాది తీస్కో అక్కా," అంది. నా పాఠమంతా ఆరిపోయినదాంట్లోనే ఉందన్నాను. "అయితే పిల్లలందర్నీ నా గదికి తోలు. జరసేపు నేను చూస్కుంట."

రెండు గదుల పిల్లలకీ ఆమే చెప్పింది. నేను వెనక గోడ పక్కన, ప్లగ్గు దగ్గర కూర్చుని విన్నాను. బాగా చెప్పింది, పిల్లల్ని నవ్వించింది. భోజనాల దగ్గర మేనేజరమ్మ నా ఎదుటే తర్వాతి బ్యాచ్ కూడా మీరే తీసుకోండని ఆమెతో అంది.

బయటికి వచ్చాక ఆమె అంది: "ఎన్ని దినాలు ఇట్ల పరేషాన్ అయితవక్కా? శనివారం సర్వీస్ సెంటర్‌కు పోదాం. నాది గూడ తెస్త."

ఆమె సాయం తీసుకోవాలని నాకు లేదు. అయినా వెళ్లాను.

మాదాపూర్‌లోని సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గరి అతను ఏదో పరీక్ష నడిపి, "బ్యాటరీ బాగుందనే వస్తోంది మేడం. మీ వాడకంలో తేడా ఉంటుంది," అన్నాడు.

"కాదండీ, కొంచెం సరిగ్గా చూడండి..." నేను నసుగుతుండగానే ఆమె తన ల్యాప్‌టాప్ తీసి నాదాని పక్కన పెట్టింది.

"గిదేం ముచ్చట అన్నా? ఇద్దరం ఒకటే పని చేస్తం, ఒక్క దినమే కొన్నం. నాది నడుస్తది, అక్కది నడవది. వాడకం ఎట్లయితది?"

"ఒక్కో పీసు ఒక్కోలా వస్తుంది మేడం."

"ఇగ చూడు, పీసుల్నే తేడా ఉంటదని నువ్వే అన్నవ్. మరి తప్పు అక్క మీదికి ఎందుకు తోస్తున్నవ్? రెండూ ఎనభై దాంక చార్జ్ చెయ్యి, ఒకటే వీడియో పెట్టు. మేం ఈడనే కూసుంటం."

కూర్చున్నాం. మా వెనక వచ్చినవాళ్లు కూడా తమ పని మరిచి ఆ రెండు తెరలే చూడసాగారు. యాభై చూపిస్తుండగా నాది ఆరిపోయింది. పక్కన ఆమెది హాయిగా ఆడుతోంది. లోపల్నుంచి మేనేజర్ వచ్చి చూసి, క్షమించమన్న మాటైనా లేకుండా, వారంటీ కింద బ్యాటరీ మార్చి, ఆ ఎనభై శాతం అడ్డు కూడా తీసేస్తామన్నాడు.

సంతోషించాల్సిందే. కానీ ఇన్ని నెలలు నేను అండీ, అండీ అంటూ అడిగితే కానిది ఆమె ఒక్క పూటలో సాధించింది. మంచి బ్యాటరీ ఆమె అదృష్టం కొద్దీ దొరికిందని సరిపెట్టుకోవచ్చు. ఆ నోటి ధైర్యం మాత్రం ఏ షాపులోనూ దొరికేది కాదు.

కొత్త బ్యాటరీ బాగా పనిచేసింది. గచ్చిబౌలి బ్యాచ్ మాత్రం ఆమెకే పోయింది. ఆ రోజుల్లో నాకు వేరే పిలుపులూ లేవు. నిండా చార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఇప్పుడామె ఏ పాఠం చెబుతుంటుందో అనుకుంటూ ఇంట్లో కూర్చునేదాన్ని. ఒకరోజు ఆమే ఫోన్ చేసింది.

"ఎట్లుందక్కా కొత్తది?"

"బాగుంది," అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "అక్కడ నా గురించి ఏమైనా అన్నారా?"

"అన్నరు. నిన్ను మళ్ల పిలుస్తరా అని నేనడిగితె మేడం మొహం ఒకతీరుగ పెట్టింది. మిషిన్ బంద్ అయింది గని అక్క బంద్ కాలేదు మేడం, ఆమె పాఠం ఒక్కపారి పూర్తిగ వినుండ్రి అని చెప్పిన."

ఆమె చోట నేనుంటే ఆ మాట అనేదాన్నా? ఏమో. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని దానికీ కుళ్లుకున్నాను.

"ఉన్నవా అక్కా? కొత్త పిల్లలు మస్తుగొచ్చిండ్రు, రెండు గదులిస్తమన్నరు, ఒకటి నీకేనట. సోమవారం వస్తవా మరి?"

"వస్తాను," అన్నాను.