మా వెలిచ్కోకు దొరకని లోపం

మా తమ్ముడు వెలిచ్కో మొదట గెలిచింది సహకార సంఘం వారి ట్రాక్టరు మీద. ఎప్పుడు నడుస్తుందో, దుక్కి మధ్యలో ఎప్పుడు ఆగుతుందో తెలియని ట్రాక్టరు అది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్కులు తలలు పట్టుకుని వెళ్లిపోయారు. మా వాడికప్పటికి మీసం కూడా సరిగ్గా మొలవలేదు. చలికాలమంతా దాని కింద గొర్రెతోలు పరుచుకుని పడుకున్నాడు. ఒక్కొక్క తీగనూ వేళ్లతో తడిమి, సీటు కింద ఎలుక కొరికిన చోటు పట్టాడు. ఆ ఏడు మా ఊరు బుకొవోలో బంగాళదుంప వేళకు నాటామంటే వాడి చలవే.

తర్వాత మంచులో మొరాయించిన అంబులెన్సును బాగుచేశాడు. హారన్ దానంతటదే మోగే ఫాదరు గారి కారును బాగుచేశాడు. రోడొపి కొండల్లో మూడు లోయల అవతలి నుంచి కూడా బండ్లు తోసుకుంటూ వాడి దగ్గరికే వచ్చేవారు. ఇవన్నీ గర్వంగా చెప్పుకున్న నోటితోనే ఇదీ చెప్పాలి.

మా ఊరి నుంచి పట్నానికి పంచాయతీ మినీబస్సు ఒకటుంది. ఈ వసంతంలో దాన్ని నడిపే పని రుమెనాకు వచ్చింది. గట్టి పిల్ల. ఆమెకు ముందు ఈ కొండదారిలో ఆడమనిషి స్టీరింగు పట్టలేదు. సెయింట్ జార్జ్ పండుగనాడు, గొర్రెల్ని కొండ మీదికి తోలే రోజున, వెలిచ్కో ఆమెకో కానుక ఇచ్చాడు. మా నాన్న మందలో ముందు నడిచిన పొట్టేలు గంట అది. కోడిగుడ్డంత ఉంటుంది, పోత ఇత్తడి, మంచి బరువు. బస్సు తాళంచెవికి తన చేత్తోనే కట్టాడు.

"ముందు నడిచేవాళ్లకి గంట ఉండాలమ్మాయ్" అన్నాడు. ఆ పిల్ల కళ్లు చెమర్చాయి.

అక్కడికి కొన్నాళ్లకే బస్సు ఆగిపోవడం మొదలైంది. రుమెనా వాడి వర్క్‌షాపుకు వచ్చేది.

"బాబాయ్, మళ్లీ ఆగింది. చర్చి దగ్గర రాళ్లదారిలోనే. ముందు మీటరు మీద లైట్లన్నీ టక్కున ఆరిపోతాయి, ఆ వెంటే ఇంజను చస్తుంది. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది."

వెలిచ్కో బ్యాటరీ తీగలు బిగించాడు, రిలేలు మార్చాడు, ఇంధనం పంపు మార్చాడు. ప్రతిసారీ గోడకు వేలాడే మారు తాళంచెవి తీసుకుని అదే రాళ్లదారిలో తిప్పి వచ్చేవాడు. ఒక్కసారీ ఆగలేదు. చివరికి కాఫీ కొట్టు ముందు అందరూ వింటుండగా అనేశాడు.

"చచ్చేది ఇంజను కాదమ్మాయ్, క్లచ్ మీద నీ కాలు."

"కాలు జారి ఆగితే ఎర్రలైట్లు వెలుగుతాయి కదా బాబాయ్? ఇవి ఆరిపోతున్నాయి!"

"నాకు లైట్లు నేర్పుతున్నావా? నా చేతిలో ఆగని బండి నీ చేతిలోనే ఎందుకాగుతుంది?"

కొట్టు ముందు కూర్చున్న మగవాళ్లు టేబుళ్లు చరుస్తూ నవ్వారు. వెలిచ్కో మాటంటే మా ఊళ్లో తీర్పు. పంచాయతీ ఆమెను పనిలోంచి తీసేసింది. రుమెనా తాళంచెవి గంటతో సహా మేయరు బల్ల మీద పెట్టి, సముద్రం ఒడ్డున ఏదో హోటల్లో గిన్నెలు కడిగే పనికి వెళ్లిపోయింది.

ఇంకో డ్రైవరు దొరికేదాకా వెలిచ్కోనే బస్సెక్కాడు. నాన్న గంట కదా అని ఆ తాళంచెవే తీసుకున్నాడు. సంత రోజు. బస్సు నిండా ఆడవాళ్లు, జున్ను బుట్టలు. రాళ్లదారిలో గంట ఎగిరెగిరి మోగింది. మీటరు మీద లైట్లన్నీ ఆరిపోయాయి. బస్సు ఆగిపోయింది.

వెనక సీట్లోంచి జ్లాతా అవ్వ అంది, "ఏరా వెలిచ్కో, నీవీ ఆడకాళ్లేనా?"

బస్సంతా ఘొల్లున నవ్వింది. వాడు మాత్రం వేలాడే గంటనే చూస్తూ ఉండిపోయాడట. అందర్నీ సంతలో దింపి ఖాళీ బస్సుతో తిరిగొచ్చాడు. గంట విప్పి అదే దారిలో దిగాడు, ఆగలేదు. కట్టి దిగాడు, ఆగింది. తాళం స్విచ్చి లోపల అరిగిపోయింది. బండి ఎగిరినప్పుడల్లా గంట బరువు తాళంచెవిని వెంట్రుకవాసి వెనక్కి లాగుతోంది.

ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చున్నాడు. దుంపల రొట్టె ముట్టలేదు.

"అక్కా, స్విచ్చి మార్చేస్తే ఎవరికీ తెలీదు."

"తెలీదు" అన్నాను. "మార్చు. తర్వాత?"

"చెప్పిందక్కా ఆ పిల్ల. లైట్లు ఆరిపోతున్నాయని నోరు విప్పి చెప్పింది. నేనే నలుగురిలో నవ్వులపాలు చేశాను." టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. అంతటి పనివాడు, నా ముఖం చూడలేకపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక, అదే కాఫీ కొట్టు ముందు గంట పైకెత్తి పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రుమెనా పని, గొర్రెలు కొండ దిగొచ్చే దిమిత్రి పండుగ దాకా ఎవరికీ ఇవ్వనని, అప్పటికీ రాకపోతే పట్నం వాళ్లకి ఇచ్చేస్తానని మేయరు అన్నాడు.

వెలిచ్కో రుమెనాకు ఫోను చేశాడు. "నీ గొంతు వింటే నాకు ఆ నవ్వులే వినిపిస్తున్నాయి బాబాయ్" అని పెట్టేసిందట.

అందుకే నిన్న రైలెక్కాడు. అరిగిన స్విచ్చి చేతిరుమాల్లో మూటకట్టి జేబులో పెట్టుకున్నాడు. గంట నా కిటికీలో ఉంది. నలుగురిలో అన్న మాటను ఆమెతో గిన్నెలు కడిగేవాళ్లందరి ముందూ వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆమె వచ్చినా రాకపోయినా తాను మాత్రం మేయరు చెప్పిన గడువు నాటికి ఊళ్లో ఉంటానన్నాడు. అంటే అక్టోబరు ఇరవై ఆరు.