ఇసుకలో కాలిన కేకు

నా మనవరాలికి ఆరేళ్ళు నిండిన రోజున, ఇంటి నిండా మనుషులు ఉండగా, నేను దాన్ని అబద్ధాలకోరును చేశాను. అబద్ధం ఆడింది నేను. ఇన్నేళ్ళయినా కేకు అనే మాట వింటే నా చెవులు వేడెక్కుతాయి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

మా అత్తగారి నాటి నుంచీ మాది పేలాల పని. ఇబ్రహీంపట్నం బస్టాండు గోడ వారగా మాకొక పొయ్యి ఉండేది. దాని మీద మంగలం, అంటే వెడల్పు మూతి మట్టి కుండ, అందులో సగానికి ఇసుక. ఇసుక బాగా కాగాక మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, వేసి తిప్పితే చిటచిటలాడుతూ తెల్లగా పేలేవి. జల్లెడ పడితే ఇసుక మళ్ళీ మంగలంలోకి, పేలాలు బుట్టలోకి. పల్లీలైనా శనగలైనా ఇదే వరస. సాగర్ వెళ్ళే బస్సు ఆగగానే పొట్లాలు పట్టుకుని కిటికీల దగ్గరికి పరుగెత్తేదాన్ని. పదో తరగతి తప్పినదాన్ని అయినా చదువు మీద మోజు పోలేదు, పొట్లం చుట్టే ముందు ఆ కాగితం మీద ఏముందో చదవందే చుట్టేదాన్ని కాదు. "బస్సు పోతున్నది, నీ సదువు తగలెయ్య" అని మా అత్త అరిచేది. ఆమె అరుపులూ నా నవ్వూ అక్కడి డ్రైవర్లందరికీ అలవాటే.

తరవాత హైదరాబాదు మా వైపు పెరగడం మొదలుపెట్టింది. మన్నెగూడ నుంచి మా దాకా, జొన్న వేసిన చేలల్లో తెల్ల రాళ్ళు మొలిచాయి. మా వాడు ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో దిగాడు. ఇస్త్రీ చొక్కా వచ్చింది, రెండు ఫోన్లు వచ్చాయి, కారు వచ్చింది. "ఇంగెందుకమ్మా ఆ పొగల, సాలు కూసో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మంగలాన్ని నా చేతులతోనే మోసుకెళ్ళి డాబా మీద నీళ్ళ ట్యాంకు కింద బోర్లించాను. చుట్టుపక్కల అంతా కొత్తవాళ్ళు. పేలాలమ్మిన మనిషినని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఆ సంగతి గమనించిన రోజు నాకు హాయిగా అనిపించింది. తప్పు అక్కడే మొదలైంది, కేకు దగ్గర కాదు.

ఆ సంవత్సరం మా మనవరాలు ఒకటే పట్టు పట్టింది. బళ్ళో పక్కన కూర్చునే పిల్లకు వాళ్ళమ్మ ఇంట్లోనే కేకు చేసిందట, తనకూ అలాగే కావాలట. మా కోడలు టీవీలో చూసి, కుక్కరు అడుగున ఉప్పు పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, పుట్టినరోజుకు ముందు రోజు ఒకటి చేసి చూసింది. అడుగు బొగ్గయింది, నడుమ జావ కారింది. కోడలి మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ.

"పోనీ తియ్యి అత్తమ్మా, హయత్‌నగర్ల మంచి బేకరీ ఉన్నదంట. ఆయనకు చెప్పి తెప్పిద్దాం" అంది.

"కొన్నది నాకొద్దు" అని మనవరాలు కాళ్ళు నేలకేసి కొట్టింది. తరవాత నా కొంగు పట్టుకుంది. "బాపమ్మా, నువ్వు జెయ్యి."

నాకు కేకు సంగతి ఏం తెలుసు? కానీ మాడిన అడుగు వేలితో గీకి చూస్తే ఒకటి మాత్రం తెలిసింది. ఉప్పు ఒక చోట ఎక్కువ కాగింది, ఒక చోట కాగలేదు. వేడి అంతటా సమానంగా పరుచుకోవాలంటే ఏం కావాలో నాకన్నా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. "రేపు నేను జేస్త" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

పొద్దున్నే డాబా ఎక్కి మంగలం దించాను. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను సన్న జల్లెడ పట్టి, మూడు నీళ్ళు కడిగి, ఎండబోశాను. మధ్యాహ్నం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మంట వేశాను. మైదా, గుడ్లు, చక్కెర, వెన్న కోడలు కలిపి అల్యూమినియం గిన్నెలో పోసి ఇచ్చింది. ఇసుక కాక చూడడానికి మాకొక పద్ధతి ఉంది. ఒక్క మక్క గింజ వేసి చూస్తాం. వెంటనే పేలితే అది పేలాల కాక. కేకుకు అంత పనికిరాదని నా చేతికే తోచింది. మంట లాగేసి, మళ్ళీ గింజ వేశాను. ఈసారి గింజ ఎర్రబడి ఉబ్బిందే గాని పేలలేదు. "గిదీ లెక్క" అనుకుని గిన్నెను మెడ దాకా ఇసుకలో దించి, పైన మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేశాను.

మనవరాలు పక్కన గొంతుక్కూచుంది. మూత తీసి చూద్దామని పదిసార్లు అడిగింది. కుదురుగా కూర్చోబెట్టడానికి నా బస్టాండు కథలు మొదలుపెట్టాను.

"బస్సుల ఎనక ఉరికేదానివా బాపమ్మా?"

"ఉరికేదాన్ని."

"పడ్డవా?"

"ఒకపారి పడ్డ. పొట్లాలన్ని రోడ్డు మీదనే. కోళ్ళొచ్చి తిన్నయి."

అది పడీ పడీ నవ్వింది. కోళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు చెప్పాను. మూడోసారికి కోళ్ళు పది అయ్యాయి, నేను పడిన గుంత చెరువంత అయింది. ఇద్దరం పొగలో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం నా బతుకంతా నాకు ముద్దుగా కనిపించింది, ఒట్టు.

కేకు దింపితే ఎంత బాగా పొంగిందో! పుల్ల గుచ్చితే తడి అంటలేదు. కోడలు నోరు తెరిచి చూసింది. వెన్నలో మెత్తని చక్కెర పొడి కలిపి పైన పూశాం. గులాబీ రంగు కోసం బీట్‌రూట్ రసం నాలుగు చుక్కలు కలిపాం. పువ్వులు పిండడానికి గొట్టం లేదని కోడలు దిగులుపడితే, నేను పాల ప్యాకెట్ కవరును కడిగి, తుడిచి, రెండు వేళ్ళ మీద చుట్టి పొట్లం చేసి, మొన కత్తిరించి ఇచ్చాను. ముగ్గు వేసిన చెయ్యి గదా, అంచు చుట్టూ మెలికలు తిరిగే తీగ సులభంగానే వచ్చింది. కానీ అసలు సొగసు మనవరాలిది. మళ్ళీ మంట పెంచి నేను వేయించిన గుప్పెడు పేలాలు తీసుకుని కేకు చుట్టూ ఒక్కొక్కటే గుచ్చింది.

"మల్లెపూల లెక్కున్నయి సూడు బాపమ్మా. మొదటి ముక్క నీకే."

సాయంత్రం మా వాడితో కలిసి పనిచేసేవాళ్ళు ఇద్దరు భార్యాపిల్లలతో కార్లలో వచ్చారు. కాలనీవాళ్ళు ఒక పదిమంది. హాల్లో ఆడవాళ్ళ పట్టుచీరలూ సెంటు వాసనలూ. నేను గంజిపెట్టిన చీర కట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. పొయ్యి పొగ జుట్టులోంచి పోయిందో లేదో అని రెండుసార్లు కొప్పు వాసన చూసుకున్నాను. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

వచ్చిన ఇద్దరిలో ఒకాయన భార్య కేకు మీదికి వంగి చూసింది. "అబ్బ, మస్తున్నదే. ప్యాలాలతోని డెకరేషన్ నేనెప్పుడు సూడలే. ఏ బేకరీ?"

ఆ అడగడంలో ఏ వెటకారమూ లేదు. నా మనవరాలు కొత్త గౌను వేసుకుని ఆమె ముందుకు ఉరికింది.

"బేకరీ కాదు! మా బాపమ్మ జేసింది. ఇసుకల పెట్టి జేసింది. మా బాపమ్మ బస్టాండ్ల ప్యాలాలు అమ్మేది, బస్సుల ఎనక ఉరికేది. ఒకపారి పడితే కోళ్ళొచ్చి..."

అందరూ నా వైపు తిరిగారు. మా వాడు చేతిలో ఫోన్ వైపు చూశాడు. ఆలోచించే వ్యవధి లేదనను, ఉంది. ఆ ఒక్క క్షణంలో నేను చాలా ఆలోచించాను. వాడి వ్యాపారం, వాడి పరువు అనుకున్నాను. నిజానికి నాది నేను చూసుకున్నాను.

"పిల్ల ఉత్తగ కథలు జెప్తది" అని నవ్వాను. "హయత్‌నగర్ బేకరీల తెప్పించినం."

మనవరాలు నన్ను చూసింది. నేను మరిచిపోయానేమో, గుర్తు చేద్దామన్నట్టు చూసింది. "కాదు బాపమ్మా, మనం జేసినం గదా. పెరట్ల. నువ్వు మక్క గింజ ఏసినవ్."

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. నేను వేలు చూపించాను. "గట్ల అబద్ధాలు చెప్తే కండ్లు పోతయి, చూస్కో!"

ఎవరో నవ్వారు. పిల్లలన్నాక అంతే అన్నారు ఇంకెవరో. మనవరాలి మొహం ఎర్రబడి, తరవాత తెల్లబడింది. వంటింటి గుమ్మంలో కోడలు పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవాలనిపించింది. వెళ్ళలేదు, నవ్వుతూనే ఉన్నాను.

కొవ్వొత్తులు వెలిగించారు, ఊదించారు, చప్పట్లు కొట్టారు. మనవరాలు కత్తి పట్టుకుని మొదటి ముక్క కోసింది. ఎవరికి పెడుతుందా అని అందరూ చూస్తున్నారు. వాళ్ళమ్మకో నాన్నకో పెట్టి ఉంటే నాకు కొంత ఊపిరి ఆడేది. అది నేరుగా తలుపు దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, నా నోటికి అందించింది. మాట ఇచ్చింది గదా. తిన్నాను. కేకు బాగుంది. అంత బాగుండడం నన్ను ఇంకా సిగ్గుపడేలా చేసింది.

అక్కడితోనూ అయిపోలేదు. ఆ అడిగినావిడ ముక్క తింటూ, అంచున ఉన్న పేలాలు విడిగా ఏరుకుని నములుతూ అంది: "మా సిన్నప్పుడు సాగర్ పోతుంటే మా బాపు గీ బస్టాండ్లనే ప్యాలాలు కొనిచ్చేటోడు. కిటికీల నుంచి ఒకామె ఇచ్చేది. గసొంటియి మల్ల తినలే. ఇవి గట్లనే ఉన్నయి."

అవ్ బిడ్డా, గామె నేనే అని అనాల్సింది. దారి తనంతట తాను తెరుచుకుంది. మా వాడు కూడా ఫోన్ దించి నా వైపు చూశాడు, చెప్తుందేమో అన్నట్టు. వాడి కళ్ళల్లో నాకు ఎక్కడా అడ్డు కనిపించలేదు. నా పక్కన పిల్ల నిలబడి వింటోంది.

"ఇంగో ముక్క ఏస్కో బిడ్డా" అన్నాను.

మిగతా సాయంత్రమంతా మనవరాలు బుద్ధిగా ఉంది. ఇచ్చిన బహుమతులు తీసుకుంది, థ్యాంక్స్ చెప్పమంటే చెప్పింది. అందరూ వెళ్ళాక వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయింది. మా వాడు కారు తాళాలు గూట్లో పెడుతూ, "ఎందుకమ్మా గట్లన్నవ్?" అన్నాడు మెల్లగా. "నీ కోసమేరా" అన్నాను. "నేను అడిగిన్నా?" అని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున పెరట్లో మంగలం కడుగుతున్నాను. మళ్ళీ డాబా మీదికి చేర్చాలని. మనవరాలు నిద్ర మొహంతోనే వచ్చి నా ఎదురుగా కొంచెం దూరంలో నిలబడింది. అలిగి ఉంటుందనుకున్నాను. అలగనీ, తిట్టనీ, కొట్టనీ, ఏదైనా సరే అనుకున్నాను. అది చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపించింది.

"బాపమ్మా, ఎన్ని?"

"మూడు."

రెండడుగులు వెనక్కి వేసింది. "గిప్పుడు?"

"రెండు. ఏం ఆటనే గిది పొద్దుపొద్దున?"

ఇంకా వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుంది. ఈసారి ఒక్క చిటికెన వేలు ఎత్తింది. అది కూడా చెప్పాను. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి, పరుగున వచ్చి, నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక కన్నూ తరవాత ఇంకో కన్నూ దగ్గరగా చూసింది.

"పోలేదు బాపమ్మా. మంచిగనే ఉన్నయి" అంది. "నాకు రాత్రి మస్తు భయమైంది. మల్లెప్పుడు అబద్ధం చెప్పకు."